చేతులు కుదరని నవల

నా నవలలో పద్నాలుగో అధ్యాయాన్ని, కుడిచెయ్యి ఎడమచెయ్యి కంటే జానెడు పొడుగుందన్న కారణం మీద వెనక్కి పంపేశారు. అధ్యాయానికి చేతులేమిటని మీకు అనుమానం రావడం సహజం. నాకూ వచ్చింది. ఆ మాటే పైకి అన్నాను కూడా. అన్నందుకు నా పేరు పక్కన "సమగ్ర దృక్పథం కొరవడినది" అని రాసుకున్నారు.

మొదట్నుంచీ చెప్పకపోతే మీరు నమ్మరు. నేను పార్వతీపురంలో ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. పేరు సుభాషిణి. మా ఇంట్లో నాతోపాటు మా రవణత్త ఉంటుంది. నాన్నకి చెల్లెలు. ఏజెన్సీ ఊళ్లలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా పగలు కాన్పులు చేసింది, తీరిక దొరికితే సీరియళ్లు చదివింది. నా నవల మొదటి పేజీ నుంచీ చదువుతున్న మనిషి ప్రపంచంలో ఆవిడొక్కతే.

ఆ నవల కూడా ఒక రకంగా ఆవిడదే. వయసులో ఉండగా ఎవరో కాంపౌండరుతో కలిసి వెళ్లిపోదామనుకున్నానని, సాలూరు బస్టాండులో కలుసుకుందామని మాట అనుకున్నామని ఒకసారి చెప్పింది. ఆ తర్వాత ఏమైందంటే చెప్పలేదు. "నువ్వు రాత్తావు కదే, నువ్వే సెప్పు ఏటైందో" అంది. అలా గౌరి అనే నర్సు పుట్టింది. గౌరి సంచీ సర్దుకుని బస్టాండుకి బయల్దేరేదాకా రాశాను. అక్కడ ఆగింది.

అక్కడ ఆగిన సమయంలోనే అత్త కళ్లు చెడ్డాయి. కంటి వెనక పొర అరిగిపోతోందట. పక్కనున్నవి కనిపిస్తాయి, సూటిగా చూసిన చోట మాత్రం మసక. సెల్‌ఫోన్ వెలుతురు పడదు. డాక్టరుగారు ఈ-రీడరైతే కంటికి హాయిగా ఉంటుందని, అక్షరాలు ఎంత పెద్దవైనా చేసుకోవచ్చని చెప్పి, "ఏం చదివించాలనుకున్నా ఈ ఎండాకాలం లోపే చదివించండి" అన్నారు.

నేను చదివి వినిపిస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"నువ్వు సదివితే నీ గొంతు అడ్డొస్తాదే. గౌరి మాట నాకు వినపడదు. నా కళ్లతోటే సదువుకోవాలి. నువ్వు రాయడం సూడు ముందు" అంది.

స్కూలు, పరీక్షలు, వంట, ఇంకెక్కడ రాస్తాను? సరిగ్గా అప్పుడే సృజనాభివృద్ధి మండలి ప్రకటన కనపడింది. ఎంపికైన నవలాకారులకి మూడు నెలలు డ్యూటీ మీదే సెలవు, ఉండటానికి గది, తిండి, నవల పూర్తయ్యాక ఒక ఈ-రీడరు ఉచితం. దేవుడే దిగొచ్చి నా కోసం రాసినట్టుందనుకున్నాను. ఒప్పందం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టాను. అందులో ఒక షరతు ఉంది. నవలని మండలి ఎంపిక చేసిన పరికరంలో తప్ప మరెక్కడా, కుటుంబసభ్యులకు సైతం, చూపరాదు. చూపితే సెలవు రద్దు.

మండలి ఉన్నది పూర్వం పట్టుపురుగులు పెంచిన షెడ్లలో. పురుగులు చచ్చిపోయాక రచయితల్ని పెట్టారు. సంచాలకులు విశ్వంభరంగారు మమ్మల్ని కూర్చోబెట్టి స్వాగతోపన్యాసం ఇచ్చారు. ఆయన ఈమధ్యే ఏదో విదేశీ శిక్షణకి వెళ్లొచ్చారు. అక్కడ ఒకావిడ అల్లిక అల్లుతూ ప్రసంగించిందట. అంతే, ఆయనకి జ్ఞానోదయమైంది.

"మెదడు అనేది వేళ్ల చివర్ల నుంచి ఉత్తేజితమవుతుందని శాస్త్రీయంగా నిరూపితమైనది. కావున నవలా రచనకు సమాంతరంగా హస్తకళా సాధనను అనివార్యం చేయడమైనది. ప్రతి అధ్యాయంతోపాటు ఒక హస్తకళాఖండాన్ని జతపరచవలెను. జతపరచని అధ్యాయం అధ్యాయంగా పరిగణింపబడదు" అన్నారు.

"మరి అధ్యాయం లేకుండా కళాఖండం మాత్రం ఇస్తే?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

సంచాలకులు కాసేపు ఆలోచించారు. "దానిపై నిషేధమేమీ లేదు" అన్నారు.

ఆ ప్రశ్న అడిగినాయన బలరామయ్యగారు. తెనాలి నుంచి వచ్చారు. శాతవాహనుల మీద ఏడు సంపుటాల నవల రాస్తున్నారు. పెద్దాయన, మొదటి రోజు క్రోషియా సూది పట్టుకుని "ఇదేం ఖర్మ అమ్మాయ్" అని నా వైపు చూసి తల కొట్టుకున్నారు.

మాకు హస్తకళా పర్యవేక్షకురాలిగా మాధురీలతగారు ఉండేవారు. ఆవిడ వచ్చేముందు ఊలు బుట్ట వచ్చేది. నేను పుట్టి బుద్ధెరిగి బొత్తాం కుట్టుకున్నదాన్ని కాను. చేతిరుమాలు అల్లమంటే మూలలన్నీ దగ్గరికొచ్చి టోపీ అయింది. సరే టోపీయే అని ఇస్తే, తల దూరలేదు. గోడకి తగిలించే బుట్ట ముడులు వెయ్యమన్నారు. నా వేళ్లు కూడా ముడిలో పడి, కత్తిరించి విడిపించాల్సి వచ్చింది. ఒకరోజు కుర్చీ మీద దిండు గలీబు కుట్టి, గర్వంగా లేవబోతే కుర్చీ కూడా లేచింది. నా చీర కుచ్చిళ్లు గలీబుకి, గలీబు కుర్చీకి కలిపి కుట్టేశాను.

"టెన్షన్ ఎక్కువుందండీ మీ కుట్టులో. కథలో ఏదో ఇబ్బంది పడుతున్నట్టున్నారు" అన్నారు మాధురీలతగారు దయగా.

"కథలో ఇబ్బంది లేదమ్మా. కథ రాసే తీరికే లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా దారం విప్పుతున్నాను" అన్నాను.

"విప్పడం కూడా సాధనేనండీ" అన్నారావిడ.

ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తాను? గౌరి బస్టాండుకి దారిలో ఉంది. ఇంటి దగ్గర అత్త కళ్లలో మసక పెరుగుతోంది. ఫోన్ చేసినప్పుడల్లా "ఎంతవరకూ వచ్చిందే" అంటుంది. నేను "స్వెట్టరుకి సగం చెయ్యి అయింది" అనలేక "వస్తోంది" అంటాను.

తొమ్మిదో అధ్యాయం సంగతి చెప్పాలి. ఇంటి దగ్గరే రాసుకొచ్చిన, బాగా కుదిరిన అధ్యాయం. గౌరి వానలో వాగు దాటి కాన్పుకి వెళ్లే ఘట్టం. చేత్తో రాసిన కాగితాలు బల్ల మీద పెట్టి టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. ఆ రోజు కాగితపు గుజ్జు శిక్షణట. మాధురీలతగారు బల్లల మీదున్న "వాడిన కాగితాలు" పోగుచేసి నీళ్లలో నానబెట్టించి, మెంతులేసి రుబ్బించేశారు. వాగూ వానా అన్నీ కలిసి రోట్లో ముద్దయ్యాయి. ఆ ముద్దతో పూలకుండీ చేశారు. ఒక పక్కన "అమ్మా నొప్పి" అన్న మాట మాత్రం అరగకుండా కనిపిస్తోంది.

నేను ఏడ్చినంత పని చేశాను. సంచాలకులుగారు మాత్రం కుండీని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను మొదటిసారి మెచ్చుకున్నారు.

"రూపం, సారం ఒకటైన అరుదైన సందర్భం. తొమ్మిదో అధ్యాయాన్ని ఎలాంటి సవరణలూ లేకుండా ఆమోదిస్తున్నాం."

"సార్, దాన్ని ఇక్కడ ఎవరూ చదవలేదు. ఇక చదవలేరు కూడా."

"చదవడానికి ఇంకా పరికరం ఎంపిక కాలేదు కదా మేడమ్. పరికరం ఎంపికయ్యేదాకా మండలి ఏ అధ్యాయాన్నీ చదవదు. అందాకా కళాఖండాలను బట్టే మూల్యాంకనం."

అదీ అసలు విషయం. ఏ నవలనీ ఎవరూ చదవడం లేదు. నాకు స్వెట్టరు చేతుల మీద మార్కులు పడుతున్నాయన్నది అప్పటికి గానీ బోధపడలేదు. మాఘం వెళ్లిపోయి ఎండలు ముదురుతున్నాయి, షెడ్డు రేకుల కింద కూర్చుని చెమటలు కక్కుతూ స్వెట్టరు అల్లుతున్నాను. ఈ దేశంలో నవల రాయడానికి ఇదీ దారి.

అలాగైతే ఆ పరికరమేదో తొందరగా ఎంపిక చెయ్యండి మహాప్రభో అని వెంటపడ్డాను. వెంటపడ్డ పాపానికి నన్నే ఎంపిక సంఘంలో వేశారు. సంఘంలో నాతోపాటు సంచాలకులు, మాధురీలతగారు, బలరామయ్యగారు. బల్ల మీద రకరకాల ఈ-రీడర్లు పరిచారు. బొత్తాలున్నవి, లేనివి, పలకలాంటివి, రాసుకోవడానికి పుల్ల ఇచ్చినవి.

సంచాలకులు ఒకటి తీసి తెరని గోరుతో కొట్టి చూశారు. "వెలుగేది? ఇంత నీరసంగా ఉందేంటి? టీవీలా ధగధగలాడాలి కదా" అన్నారు.

"కళ్లకి శ్రమ లేకుండా ఉండాలనే అలా చేశారు సార్. కాగితంలా ఉంటుంది" అన్నాను.

"కాగితంలా ఉండేదానికి కాగితమే ఉంది కదా" అన్నారాయన. అందరూ నవ్వారు. ఆ రకం తీసేశారు.

అప్పటికే బలరామయ్యగారు మారిపోయారు. శాతవాహనుల్ని వదిలేసి మంచానికి సరిపడే క్రోషియా దుప్పటి అల్లుతున్నారు. సంఘంలో కూర్చుని కూడా చేతులు ఆపలేదు. "పాత పుస్తకానికి ఒక వాసనుంటుందండీ. ఈ డబ్బాకి లేదు" అన్నారు. వాసన మీద ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఒక్కో పరికరం పక్కనా కలరా ఉండలు పెట్టి, మరునాడు వాసన చూసి, "పాత గ్రంథాలయపు అనుభూతి కలిగినది" అని నివేదిక ఇచ్చింది.

తర్వాత పుస్తకం చేసే పనులన్నీ పరికరం చేస్తుందా లేదా అని పరీక్షలు. కరెంటు పోయినప్పుడు విసురుకోవడం. తలకింద పెట్టుకుని పడుకోవడం. కాలు పొట్టిదైన బల్లకి ఎత్తు పెట్టడం. ఈ పరీక్షలో రెండు పరికరాలు పగిలాయి. పగలనివాటికి ఎక్కువ మార్కులు.

నేను ఆగలేక అడిగాను. "సార్, తెలుగు అక్షరాలు కనిపిస్తాయా లేదా చూద్దామా?"

"భాషాపరమైన అంశాలను రెండవ దశలో పరిశీలించడం జరుగుతుంది. తొందర వద్దు."

"అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చా? మా అత్తకి చూపు పోతోంది సార్. ఆవిడ చదవాలి."

ఆ మాట ఎందుకన్నానో, నా నాలుక తెగిపోనూ. విశ్వంభరంగారి మొహం వెలిగిపోయింది. "దృష్టి మందగించిన వయోధిక పఠిత" అని నెమ్మదిగా, తియ్యగా పలికారు. ఎంపికైన పరికరాన్ని ఆవిష్కరించే రోజున మొదటి పాఠకురాలిగా మా అత్తని పిలవాలని, ఆవిడ కెమెరాల ముందు ఒక సంపూర్ణ తెలుగు నవలకి ముగింపు చదవాలని, అదే పరికరానికి తుది పరీక్ష అని అప్పటికప్పుడు తీర్మానం చేశారు. ఆ ముగింపు ఇంతకుముందు ఎవరూ చదవనిదై ఉండాలి. అల్లికలోకి దిగిపోకుండా మిగిలిన నవల నాదొక్కటే.

"నా నవల పూర్తికాలేదు సార్. పద్నాలుగో అధ్యాయం దగ్గర ఉంది."

"అయితే పూర్తి చెయ్యండి."

"అల్లిక ఆపమంటారా?"

"అల్లిక ఆపితే అధ్యాయం ఎలా ఆమోదిస్తాం?"

చూశారా అందం. పరికరం ఎంపిక కావాలంటే నవల పూర్తవ్వాలి. నవల పూర్తవ్వాలంటే స్వెట్టరు పూర్తవ్వాలి. స్వెట్టరు చేతులు కుదరవు. కుదరని చేతులు విప్పి మళ్లీ అల్లడంలో రాసే వేళ గంగలో కలుస్తుంది. గౌరి అలా సంచీ పట్టుకుని రోడ్డు మీదే నిలబడి ఉంది.

దొంగతనంగా రాద్దామని చూశాను. ఊలు బుట్టలో కాగితాలు దాచి, సూదులు ఒళ్లో పెట్టుకుని, నాలుగు వాక్యాలు రాసేలోపు మాధురీలతగారు పట్టుకున్నారు. "సాధన సమయంలో సాహిత్యమా" అని మొహం చిన్నబుచ్చుకున్నారు. బలరామయ్యగారు నా పక్కకొచ్చి కూర్చుని, దుప్పటి అంచు నా ఒళ్లో పెట్టి చూపించారు.

"చిన్నప్పటి నుంచి రాస్తున్నానమ్మాయ్. నా పుస్తకం చదివి ఒక్కడన్నా బావుందన్నాడా? ఈ దుప్పటి చూసి వంటవాడు కూడా దణ్ణం పెడుతున్నాడు. నా మాటిను. హాయిగా అల్లుకో."

నిజంగానే ఆ దుప్పటి బావుంది. మండలి వాళ్లు దాన్ని "ఏడు సంపుటాల చారిత్రక నవల"గా ఆమోదించి, హాల్లో గోడకి పరిచారు. ఆయన తృప్తి చూసి కోప్పడలేకపోయాను. కానీ ఆయన కోసం ఇంటి దగ్గర కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసే మనిషి ఎవరూ లేరు.

ఆవిష్కరణ రోజు రానే వచ్చింది. షామియానా, బెలూన్లు, కెమెరాలు. అత్తని కారు పంపి తీసుకొచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. నన్ను గుర్తుపట్టడానికి మొహం పక్కకి తిప్పి, కంటి చివర నుంచి చూసింది. నేను ఇల్లు వదిలేటప్పటికి అలా చూసేది కాదు.

"పూర్తయిందా?" అంది మెల్లిగా.

"లేదత్తా. నన్ను రాయనివ్వలేదు."

ఈలోగా విశ్వంభరంగారు వచ్చారు. నేను ఆయనకి అదే మాట చెప్పాను. ముగింపు లేదని, పరికరంలో తెలుగు కనిపిస్తోందో లేదో ఇంతవరకూ ఎవరూ చూడలేదని. ఆయన ఏమాత్రం తొణకలేదు.

"చూడండి మేడమ్. పఠనం జరగని పక్షంలో తుది పరీక్ష విఫలమైనట్లు. పరీక్ష విఫలమైతే మీ నవల అసంపూర్ణం. నవల అసంపూర్ణమైతే మీ సెలవు డ్యూటీ కిందకి రాదు, అనుమతి లేని గైర్హాజరు అవుతుంది. ఆ మేరకు మీ పాఠశాలకు రాయవలసి వస్తుంది. ఉద్యోగం విషయం, మీరు ఆలోచించుకోండి."

అత్త మా ఇద్దరి మధ్యనే నిలబడి ఉంది. నా మోచెయ్యి పట్టుకుని "పద, కుర్సీ సూపించు" అంది.

వేదిక మీద ఎర్ర మఖమల్ కవరు వేసిన ఈ-రీడరు అత్త చేతిలో పెట్టారు. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. నేను వెనక నుంచి తొంగిచూశాను. తెర నిండా గళ్లు. ఒక్క అక్షరం లేదు. తెలుగు అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా ఒక ఖాళీ గడి, వరసలు వరసలుగా. ఆ గళ్లు కూడా అత్తకి కనిపించవని నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను. అత్త నా చెయ్యి నొక్కి, మైకు దగ్గరికి వంగింది.

ఆవిడ పరికరాన్ని మొహానికెత్తుకుని, పేజీ మీద చూపు నడుస్తున్నట్టే తల మెల్లిగా తిప్పుతూ, సీరియళ్లు చదివి చదివి వచ్చిన శుభ్రమైన పుస్తకభాషలో మొదలుపెట్టింది.

"గౌరి సాలూరు బస్టాండు ఎదురుగా టీకొట్టు దగ్గర ఆగింది. అవతల బెంచీ మీద అతను కూర్చుని ఉన్నాడు. పక్కన రేకుపెట్టె. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆమెని ఇంకా చూడలేదు. రోడ్డు దాటితే చాలు. అప్పుడు వెనక నుంచి నర్సమ్మా అని ఎవరో కేక వేశారు. బల్లకట్టు అవతలి ఊరి నుంచి వచ్చారు. బిడ్డ అడ్డం తిరిగిందట. గౌరి అతని వైపు ఒకసారి చూసింది. పిలిస్తే ఆగమంటాడని, ఆగమంటే ఆగిపోతానని భయమేసింది. పిలవకుండా వాళ్లతో వెళ్లిపోయింది. తల్లీ బిడ్డా బతికారు. గౌరి తిరిగి వచ్చేసరికి బస్సు లేదు. బెంచీ మీద అతను లేడు. రాలేదనుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను ఏ ఊళ్లో ఉన్నాడో ఆమె ఎవరినీ అడగలేదు."

అత్త పరికరం ఒళ్లో పెట్టుకుంది. జనం చప్పట్లు కొట్టారు. విశ్వంభరంగారు మైకు అందుకున్నారు.

"గమనించారా. ఒక్క ఒత్తు కూడా తప్పలేదు. అక్షర స్పష్టతకు ఇంతకు మించిన నిదర్శనం అవసరం లేదు. ఈ పరికరాన్ని రాష్ట్రంలోని యావత్ గ్రంథాలయాలకు సిఫారసు చేస్తున్నాం."

ఇంకో మాట కూడా అన్నారు. నవలకి ముగింపు బహిరంగంగా పఠితమైనందున రచన కూడా జరిగినట్లే పరిగణించడమైనదని, రచయిత్రి ఇకపై దాన్ని రాయవలసిన అవసరం లేదని. నాకు శాలువా కప్పారు. అది కూడా అక్కడ అల్లిందే. బలరామయ్యగారు ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. మాధురీలతగారు ఆయనకి అల్లిన రుమాలు అందించారు.

సాయంత్రం బస్సులో ఇంటికి బయల్దేరాం. వచ్చేటప్పుడున్న కారు వెళ్లేటప్పుడు లేదు. అత్త కిటికీ పక్కన కూర్చుంది. నాకు మండలి మీద కోపం, నా మీద కోపం, ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు.

"చాలా బావుందత్తా. నేనెంత రాసినా అలా రాయలేను. అప్పటికప్పుడు ఎలా కల్పించావు?" అన్నాను చివరికి.

"కల్పించడమేటే. జరిగిందదే" అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇంటికెళ్లాక రాస్తానని, ఒప్పందం తగలెట్టి మంచి ఈ-రీడరు కొంటానని, అందులో అక్షరాలు బస్సు బోర్డంత పెద్దవి పెడతానని గబగబా ఏవేవో చెప్పాను. అత్త మొహం నా వైపు తిప్పింది. నేను సరిగ్గా ఎదురుగా ఉన్నాను కాబట్టి ఆవిడకి కనిపించడం లేదు.

"ఇంకెందుకులే. నీ గౌరి రోడ్డు దాటుతాదేమో సూద్దామనుకున్నాను" అంది.